మొక్కుకోలేని చేతులు

అమ్మకు కిడ్నీలు పాడయ్యాక దేవుడి గదిలోకి వెళ్లడం నాకు కష్టంగా ఉంది. వారానికి మూడుసార్లు డయాలసిస్, నాలుగేసి గంటలు. సూదులు గుచ్చీ గుచ్చీ ఆమె చేతి నరాలు ఉబ్బిపోయాయి. ఆ చేతులతోనే శనివారం తప్పకుండా వెంకన్నకు దీపం పెట్టేది. ఇంత పూజ చేసిన మనిషికి ఇదా ఫలం అని లోపల రగిలిపోతాను. అలా అనుకున్నందుకు మళ్లీ భయం, నా కోపం తిరిగి ఆమెకే తగులుతుందేమోనని.

ఈమధ్య పోతన గజేంద్రుడు పదేపదే గుర్తుకొస్తున్నాడు. మొసలి పట్టు బిగుస్తుంటే, ఉన్నాడంటున్న ఆ దేవుడు అసలు ఉన్నాడా లేడా అని అడుగుతాడు. ఆ సందేహం మొర మధ్యలోనే ఉంది. విష్ణువు దాన్ని తప్పు పట్టలేదు, పరుగున వచ్చాడు. గోల్కొండ చెరలో రామదాసైతే ఒక కీర్తనలో రాముడికి చేయించిన నగలన్నీ లెక్కచెప్పి మరీ నిలదీశాడు. దెబ్బలు ఓర్వలేక తిట్టానని ఆ వెంటనే వేడుకున్నాడు. ఆ కీర్తనను మనం భక్తిగానే పాడుకుంటాం. మరి ఆసుపత్రి వరండాలో నాబోటివాడు అడిగితే అపచారం ఎందుకవుతుంది?

అమ్మ మాత్రం ఏమీ అడగదు. మెషీన్ పక్కన కళ్లు మూసుకుని గోవింద నామాలు చెప్పుకుంటుంది. ఆ నమ్మకం నాకు రాలేదు. దాన్ని కాదనే హక్కూ నాకు లేదు.

చూడ్డానికి వచ్చేవాళ్లకు ఒక్కటే మనవి. పూర్వజన్మ కర్మ అని రోగి ముందు అనకండి. వీలైతే ఒక పూట డయాలసిస్ దగ్గర తోడు కూర్చోండి.