కార్డు లేని వ్యాగన్ కదలదు

పోస్టు పెద్దదే. తీరిగ్గా ఉన్నప్పుడు చదవండి, సగంలో వదిలేయకండి.

మేము నలుగురం. ప్రగతి నగర్‌లో ఒక హాస్టల్లో ఒకే రూములో ఉంటాం. ఇద్దరం ఎల్లందు వైపు వాళ్ళం, ఒకడిది కారేపల్లి, ఇంకొకడిది గుండాల. గుండాల వాడిని చిన్నోడు అంటాం. నలుగురి ఇళ్ళల్లోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. మొన్నటి దాకా చిన్నోడికి నాలుగు బ్యాక్‌లాగ్స్. "ఇంక నా వల్ల కాదురా, ఊరికి పోయి ఏదో ఒక పని చూసుకుంటా" అని బ్యాగు సగం సర్దేశాడు. ఆ వారంలోనే ఈ కథ మొదలైంది.

సాయంత్రం పూట అంబీర్ చెరువు చుట్టూ తిరగడం మాకు అలవాటు. ఒకరోజు ఊరికి పోయే రైలు గురించి మాట్లాడుకుంటున్నాం. డోర్నకల్ అన్న మాట చెవిన పడి, బెంచీ మీద కూర్చున్న ఒక పెద్దాయన "మీదెవూర్రా బాబూ?" అని అడిగాడు. గూడ్సు గార్డుగా చేసి రిటైర్ అయ్యాడట. "ఆదివారం పొద్దున మా ఇంటికి రండి. మీ ఊరి లైను చూపిస్తా. టిఫిన్ కూడా పెడతా" అన్నాడు. నిజం చెప్పాలంటే మేము పోయింది టిఫిన్ కోసమే. చిన్నోడైతే అసలు రానన్నాడు, ఇడ్లీ వడ అని లాక్కుపోయాం.

మేడ మీద రేకుల గది. గోడ పొడవునా చెక్క బల్ల, దాని మీద చిన్న చిన్న పట్టాలు. ఒక మూల డోర్నకల్ జంక్షన్, మధ్యలో కారేపల్లి అని రాసిన స్టేషన్, అవతలి మూల ఎల్లందు బొగ్గు గనులు. అసలు దానికి 87వ వంతు సైజు. బొమ్మ రైలంటే గుండ్రంగా తిరగడమే అనుకున్నాం. తాత నవ్వాడు. "తిప్పడానికి కాదు, నడపడానికి. ఇవాళ 1925. మీరు రైల్వే వాళ్ళు. బొగ్గు గని నుంచి బయటికి పోవాలి, ఖాళీ వ్యాగన్లు తిరిగి రావాలి, ఆలస్యం కాకూడదు, గుద్దుకోకూడదు. అంతే పని."

ఇది తాత కనిపెట్టింది కాదు. అమెరికాలో 1940లలోనే ఫ్రాంక్ ఎల్లిసన్ అనే ఆయన తన బొమ్మ రైల్వేను నాటకంతో పోల్చి రాశాడట. పట్టాలు స్టేజీ, రైళ్ళు పాత్రధారులు, టైంటేబుల్ కథ. అప్పటినుంచి ఒక పాత కాలాన్ని తీసుకుని, ఆ కాలంలో సరుకు ఎలా నడిచిందో అలాగే నడిపేవాళ్ళు చాలా దేశాల్లో ఉన్నారు.

ఒక్క అబద్ధం మాత్రం ఒప్పుకోమన్నాడు తాత. మన బ్రాడ్‌గేజ్ పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే 19 దాటుతుంది. కానీ బజారులో దొరికే బొమ్మ పట్టాలు 16.5 మిల్లీమీటర్లవే, ఎందుకంటే అవి బయటి దేశాల 1435 మిల్లీమీటర్ల గేజి లెక్కకు చేసినవి. "పట్టాలు కాస్త ఇరుకు. మిగతాదంతా నిజం ఉండాలి" అన్నాడు.

ఇంక పద్ధతి చెప్తాం, వినండి. ప్రతి వ్యాగన్‌కూ ఒక కార్డు ఉంటుంది. ఆ కార్డుకు చిన్న జేబు, జేబులో ఇంకో చీటీ. చీటీ మీద మూడు గళ్ళు: పంపేవాళ్ళు, సరుకు, అందుకునేవాళ్ళు. ఒక్కో చీటీకి నాలుగు వైపులా నాలుగు ప్రయాణాలు రాసి ఉంటాయి. ఆట అయ్యాక చీటీని తిప్పి పెడితే మళ్ళీసారి ఆ వ్యాగన్‌కు కొత్త దారి. కార్డు చూడకుండా వ్యాగన్ మీద చెయ్యి వెయ్యకూడదు. వ్యాగన్ల కొక్కేలు విప్పడానికి సన్నటి వెదురు పుల్ల. వెదురు పుల్ల చేతికి రాగానే మా కారేపల్లి వాడు పుట్టినప్పటినుంచి యార్డులోనే ఉన్నట్టు పని మొదలుపెట్టాడు.

గడియారం నాలుగింతలు వేగంగా తిరుగుతుంది. మన మూడు గంటల్లో అక్కడ పన్నెండు గంటలు గడిచిపోతాయి. మాలో ఒకడు సెక్షన్ కంట్రోలర్, ఒకడు డ్రైవర్, ఒకడు డోర్నకల్ యార్డు, చిన్నోడు మధ్య స్టేషన్ మాస్టర్. ఎల్లందు బ్రాంచి ఒంటి లైను. ఒక ముక్క మీద ఒకేసారి ఒకే బండి ఉండాలి. అసలు రైల్వేలో దానికి టోకెన్ ఉండేది, ఇనప బంతిలాంటిది. తాత దాని బదులు గాజు గోలీ పెట్టాడు. గోలీ చేతిలో లేకుండా బండి కదపకూడదు.

మొదలుపెట్టే ముందు తాత కొంచెం చరిత్ర చెప్పాడు. మన ఊరి కథే, మాకే తెలియదు. ఎల్లందు దగ్గర బొగ్గు ఉందని 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాఖ ఆయన గుర్తించాడు. 1886లో ఇంగ్లండులో హైదరాబాద్ దక్కన్ కంపెనీ అని పెట్టి గనుల హక్కు తీసుకున్నారు. 1889లో తవ్వకం మొదలైంది. ఆ కంపెనీ ఆస్తులన్నీ 1920లో పెట్టిన సింగరేణి కాలరీస్ చేతికి వచ్చాయి. రైలు చూస్తే, 1874లో వాడి నుంచి సికింద్రాబాద్ దాకా వచ్చింది. తర్వాత వరంగల్, డోర్నకల్ మీదుగా పోయి 1889లో బెజవాడ అందుకుంది. అంటే బొగ్గు, రైలు రెండూ దాదాపు కలిసే మన అడవిలోకి వచ్చాయి.

ఆట మొదలయ్యాక తెలిసింది, నిజంగా నడపడం అంటే ఏందో. డోర్నకల్‌లో యార్డు చూస్తున్నవాడు ఒక బొగ్గు వ్యాగన్‌కు సొంతంగా నాగ్‌పూర్ అని చీటీ రాసి, కాజీపేట నుంచి పైకి పంపాలని చూశాడు. తాత ఆపాడు. "ఏ దారిన పోతుంది బాబూ? కాజీపేట, బల్లార్షా లైను పూర్తిగా కలిసింది 1929లో. నువ్వింకా 1925లో ఉన్నావు. వాడి మీదుగా చుట్టూ తిరిగి పోవాల్సిందే." ఔరంగాబాద్‌కు పోవాల్సిన బొగ్గుకు ఇంకో తిప్పలు. సికింద్రాబాద్ నుంచి అటు మీటర్ గేజ్. మన వ్యాగన్ ఆ పట్టాల మీద నడవదు. బొగ్గంతా పారలతో ఇంకో బండిలోకి ఎత్తిపోయాలి. అందుకే ఆ వ్యాగన్ ప్రయాణం సికింద్రాబాద్‌తోనే సరి. ఇంటర్‌లో హిస్టరీ బట్టీ పట్టాం గానీ, ఒక సంవత్సరానికి ఇంత అర్థం ఉంటుందని అప్పుడే తెలిసింది.

ఒక చీటీ మీద మేమంతా ఆగిపోయాం. పంపేవాళ్ళు: సింగరేణి. సరుకు: బొగ్గు. అందుకునేవాళ్ళు: హుస్సేన్‌సాగర్ కరెంటు ఫ్యాక్టరీ. ట్యాంక్‌బండ్ దగ్గర 1920లో నిజాం కాలంలో కట్టిన థర్మల్ స్టేషన్ అది. ఇప్పుడు లేదు. హైదరాబాద్‌లో బల్బు వెలగడానికి బొగ్గు కాలిన రోజుల్లో మా గూడేల్లో కిరసనాయిలు బుడ్డి కూడా అందరికీ ఉండి ఉండదు. రాత్రి ఐటీ కారిడార్ వైపు అద్దాల బిల్డింగులన్నీ వెలుగుతుంటే ఇప్పుడు మాకు ఆ చీటీ గుర్తొస్తుంది.

ఇంక అసలు సంగతి. అక్కడి గడియారంలో మధ్యాహ్నం మూడు. ఎల్లందు నుంచి లోడు బండి బయలుదేరింది. మధ్య స్టేషన్లో ఖాళీ వ్యాగన్ల బండి ఎదురు చూస్తోంది. గోలీ లోడు బండితో ఉంది, చిన్నోడి దగ్గర లేదు. అయినా వాడు ఖాళీ బండిని వదిలేశాడు. మలుపులో రెండు ఇంజన్లు ముక్కూ ముక్కూ ఆనుకున్నాయి. తాత గడియారం ఆపేశాడు. మేమంతా నవ్వాం. చిన్నోడు తల దించుకున్నాడు.

తాత నవ్వలేదు. "గోలీ లేదని నీకు తెలుసు కదా. ఫోన్లో ఒక్క మాట అడిగితే అయిపోయేది కదరా?"

చాలాసేపటికి చిన్నోడు అన్నాడు. "అడిగితే నవ్వుతారేమో అనుకున్నా తాతా."

గదిలో ఎవ్వరం మాట్లాడలేదు. ఎందుకంటే వాడు చెప్పింది బొమ్మ రైలు గురించి కాదని మాకు తెలుసు. క్లాసులో ఇంగ్లీషులో లెక్చర్ అర్థం కాకపోయినా చెయ్యెత్తడు. ల్యాబులో రీడింగ్ రాకపోయినా అడగడు. మేమూ అంతే, కాకపోతే మేము ఒకరి రికార్డు ఒకరం చూసి నెట్టుకొచ్చాం. ఇప్పుడు కూడా నవ్వింది ఎవరు? మేమే.

తాత బండ్లను వెనక్కి జరిపి "మళ్ళీ ఇక్కణ్ణుంచే మొదలుపెట్టు. నిమిషానికోసారి అడిగినా పర్లేదు" అన్నాడు. మిగతా ఆటంతా చిన్నోడు ఫోన్లో అడుగుతూనే ఉన్నాడు. ఎంత విసిగించాడంటే, కంట్రోలర్‌గా ఉన్నవాడు "అరేయ్, ఇంకా గోలీ రాలేదురా నాయనా" అని అరిచాడు. అయినా అడిగాడు. ఇంక బండ్లు గుద్దుకోలేదు.

ఆట అయ్యాక చీటీలన్నీ సర్దుతుంటే చిన్నోడే అడిగాడు. "తాతా, ఇందులో మా గూడెం ఎక్కడ?" చూస్తే ఎక్కడా లేదు. బొగ్గు ఉంది, గనికి పోయే దుంగలు ఉన్నాయి, బెజవాడ నుంచి వచ్చే ఉప్పు ఉంది. బల్ల మీద అడవి కూడా ఉంది, రంపపు పొట్టుకు పచ్చరంగు వేసి అతికించినది. మనుషులు లేరు. తాత కాసేపు ఆలోచించి "నేను రైల్వే వాణ్ణి, నాకు తెలిసింది రైల్వే. మీ వాళ్ళ సంగతి మీరే కనుక్కుని రండి. చీటీ రాద్దాం" అన్నాడు.

ఆ రాత్రి చిన్నోడు వాళ్ళ నానమ్మకు ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టాడు, కోయలోనే మాట్లాడుకున్నారు. వాళ్ళ అయ్య చిన్నప్పుడు పెద్దవాళ్ళతో కలిసి అడవి నుంచి వెదురు మోసుకుంటూ ఎల్లందు దాకా నడిచేవాడట. షావుకారికి వేసి ఉప్పు తెచ్చుకునేవాళ్ళట. "రైలు ఎక్కాడా?" అంటే ముసలమ్మ నవ్వింది. "రైలు కూత విన్నాడు" అంది.

తర్వాతి ఆదివారం చిన్నోడు చీటీ రాశాడు. సరుకు: వెదురు. అందుకునేవాళ్ళు: బెజవాడ. పంపేవాళ్ళు అన్న గడి దగ్గర వాళ్ళ నానమ్మ అయ్య పేరు రాయబోయాడు. తాత చెయ్యి పట్టుకున్నాడు. "కిరాయి కట్టినవాడి పేరే అక్కడ రాస్తారు బాబూ. షావుకారి పేరే ఉంటుంది. నిజం ఉండాలి అనుకున్నాం కదా." మాకు కోపం వచ్చింది. వాదించాం. కానీ ఆయన అన్నది తప్పు కాదు. కాగితం మీద అలాగే ఉండేది. మోసినవాడి పేరు రాయడానికి ఆ కాగితంలో గడే లేదు. చివరికి చిన్నోడు గడిలో షావుకారు అని రాసి, చీటీ వెనకాల పెన్సిల్‌తో ముత్తాత పేరు రాశాడు. తాత దాన్ని చూశాడు, ఏమీ అనలేదు. జేబులో పెట్టి వ్యాగన్ పక్కన ఉంచాడు. ఆ రోజు ఆ వ్యాగన్ మధ్య స్టేషన్ దాటి డోర్నకల్ పోయింది. లైన్ క్లియర్ ఇచ్చింది చిన్నోడే.

బ్యాగు ఇంకా మంచం కిందే ఉంది, కానీ బట్టలు బయటికి వచ్చాయి. నాలుగు సబ్జెక్టుల్లో రెండు రాశాడు, ఒకటి పాసయ్యాడు. మూడున్నాయి ఇంకా. క్లాసులో అడగడం మొదలుపెట్టాడు. నవ్వేవాళ్ళు నవ్వుతున్నారు.

ఈ ఆటకు డబ్బులు అక్కర్లేదు. మీ హాస్టల్లో నేల మీద సుద్దముక్కతో పట్టాలు గీయండి. అగ్గిపెట్టెలే వ్యాగన్లు. పాత రికార్డు అట్టలు కోసి కార్డులు చేయండి. ఒక గోలీ చాలు. అరకు వాళ్ళు ఉంటే కిరండూల్ నుంచి విశాఖ రేవుకు పోయే ఇనప రాయి లైను తీసుకోండి. బెల్లంపల్లి వాళ్ళు మీ బొగ్గు లైను తీసుకోండి. ఒక సంవత్సరం అనుకుని, ఆ సంవత్సరంలో ఉన్నదే నడపండి.

ఒక్కటి మాత్రం మాకోసం చేయండి. ఇంట్లో ముసలివాళ్ళు ఉంటే ఈ వారమే ఫోన్ చేసి అడగండి. మన అడవి నుంచి ఏం పోయేది, ఎవరు మోసేవాళ్ళు, బదులుగా ఏం వచ్చేది? పేరుతో సహా కింద రాయండి. మీ భాషలో చెప్పినా సరే, ఫోన్లో రికార్డు చేసి పెట్టినా సరే. మేము చీటీలు రాస్తాం. వెనకాల పెన్సిల్‌తో పేరు కూడా రాస్తాం.

వచ్చే ఆదివారం మళ్ళీ 1925. గడియారం పొద్దున ఆరుకు మొదలు.