తేలు రొయ్యయిన కథ

పచ్చబొట్టు అంటే మోటు, టాటూ అంటే నాజూకు అని మా హాస్టల్లో ఒక సిద్ధాంతం స్థిరపడిపోయింది. పేరు మారితే సూది మెత్తబడుతుందా అని అడిగితే నవ్వుతారు. ఇప్పుడు అందరి మోజూ సన్నగీత మీద. వెంట్రుకంత గీతతో ఒక ఆకు, ఒక పిట్ట, ఒక పేరు. దాన్నే ‘ఫైన్ లైన్’ అంటున్నారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, కాదనను. ఒంటి మీద అది ఎన్నాళ్ళు అలా ఉంటుందన్నదే నా ప్రశ్న.

మాది దివిసీమ. మా నాయనమ్మ ముంజేతి మీద పచ్చబొట్టుంది. పెళ్ళికి ముందు వాళ్ళింటి అరుగు మీద కూర్చుని ఓ ఎరుకలామె పొడిచిందట. కట్టగా కట్టిన సూదులు, దీపపు మసిలో ఆకుపసరు కలిపిన రంగు, చివర పైన పసుపు. కూలి డబ్బు కాదు, చేటలో బియ్యం. “కదిలితే బొట్టు వంకరపోద్దే పిల్లా” అని గదమాయించి మరీ వేసిన ఆ బొట్టు తేలు. అరవై యేళ్ళు దాటేసరికి గీతలు పాకి, కొండి కలిసిపోయి, తేలు కాస్తా రొయ్యయింది. చుట్టూ రొయ్యల చెరువులే గనక కాలానికి తగ్గట్టే మారిందని మా బాబాయి వేళాకోళం. నల్లని మసి పచ్చగా కనబడటం కూడా చర్మం చేసే చిత్రమే. పైపొర గుండా చూసేసరికి లోపలి నలుపు మన కంటికి నీలిపచ్చగా తోస్తుంది.

ఆవిడకి మాత్రం ఆ బొట్టు సోకు కాదు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమ మీద పడ్డప్పుడు వేలమంది పోయారు. నీళ్ళు తీశాక తన అక్కని మా నాయనమ్మ పోల్చుకున్నది మొహం చూసి కాదు, మోచేతి కింద చుక్కలు చూసి. ఈ సంగతి ఆవిడ ఒక్కసారే చెప్పింది. నేను మళ్ళీ అడగలేదు.

ఇక నా స్నేహితురాలి సంగతి. వాళ్ళది గుడివాడ. రెండేళ్ళ కిందట వాళ్ళ నాన్నగారు పోయారు. ఆయన ధాన్యం లెక్కలు రాసుకున్న పుస్తకంలో చివరి పేజీలో సంతకం ఉంది. దాన్ని ఉన్నదున్నట్టు, అంతే సైజులో, మణికట్టు లోపలి వైపు సన్నగీతతో వేయించుకుంటానని పట్టుబట్టింది. “తోడు రావే” అంది. సరే, పోయేముందు అసలు విషయమేమిటో తెలుసుకుందామని కూర్చున్నాం.

చర్మం పైపొర ఎప్పటికప్పుడు రాలిపోతూ కొత్తది వస్తూంటుంది. కాబట్టి రంగు దాని కింది పొరలో, అంటే ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతున పడాలి. పైపైన పడితే నెలల్లో వెలిసిపోతుంది. లోతుకి దిగితే సిరా చెమ్మకాగితం మీద ఒలికినట్టు చెదురుతుంది. సన్నగీతకి ఒకే సూదో, మూడు సూదుల చిన్న గుత్తో వాడతారు గనక చెయ్యి తడబడితే దాచుకోడానికి చోటుండదు. పడ్డ రంగుని మన ఒంట్లోని కణాలే మింగి కూర్చుంటాయి. అవి చనిపోతే పక్కవి మింగుతాయి. ఈ సంగతిని ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు 2018లో ఎలుకల మీద చూపించారు. బొట్టు చెరిగిపోకపోవడానికి కారణం అదే.

ఒంటి సూది పని అమెరికా కాలిఫోర్నియా జైళ్ళలో ఖైదీలు దొరికిన వస్తువులతో చేసుకున్నది. 1975లో తూర్పు లాస్ ఏంజెలెస్‌లో తెరిచిన ఒక దుకాణం దాన్ని బజారుకి తెచ్చింది. జైలు గోడలు దాటిన ఆ గీత మా హాస్టలు గోడలు దాటడం ఓ లెక్కా!

చిక్కంతా తెలుగు అక్షరంతో వచ్చింది. ఆయన పేరులో ఒక ‘ధ’ ఉంది. మన అక్షరాలన్నీ గుండ్రనివి, కడుపులో ఖాళీ ఉన్నవి. ఆ ఖాళీ పూడుకుపోతే ‘ద’కీ ‘ధ’కీ తేడా ఉండదు, ‘ఠ’లో చుక్క మాయమవుతుంది. పెడనలో కలంకారీ అచ్చులు చెక్కే ఒక పెద్దాయనకి ఆ సంతకం చూపించాం. కళ్ళజోడు పైకి నెట్టి చూసి, “గీతకీ గీతకీ నడుమ సందు లేకపోతే రంగు కూరుకుపోద్దమ్మా. బట్టకైతే కరక్కాయ, పాలు పట్టిస్తాం, పాకదు. తోలుకేం పట్టిస్తావు?” అన్నాడు. టాటూ దుకాణాల గోడలమీద అతికించిన ఫోటోలన్నిటికన్నా నాకు ఈ మాటే ఎక్కువ పనికొచ్చింది.

ఆ ఫోటోలన్నీ అప్పుడే వేసినవి. మనం అడగాల్సింది మూడేళ్ళో అయిదేళ్ళో గడిచినవి. ఒక దుకాణంవాడు అలాంటివి లేవన్నాడు, లేచి వచ్చేశాం. రెండోచోట చూపించారు. కొన్ని నిలిచాయి, వేళ్ళ మీదవీ అరచేతి అంచువీ సగం పోయాయి. ఎప్పుడూ రాపిడీ నీళ్ళూ తగిలే చోటు సన్నగీతకి పనికిరాదు. బందరు ఎండ సరేసరి. చెవులు కుట్టించుకున్నచోట కాయ కట్టిన ఒళ్ళయితే గీతంతా ఉబ్బే ప్రమాదముంది, డాక్టర్ని అడగాలి. కొత్త సూది మన ఎదుటే విప్పాలి, రంగు విడి మూతలో పోయాలి. తిరునాళ్ళలో ఒకే సూదితో వరసగా అందరికీ పొడిచే మిషను దగ్గర పేరుతోపాటు కామెర్ల వైరస్సో, హెచ్.ఐ.వి.యో కూడా ఎక్కించుకోవచ్చు. అక్కడ చౌక అన్నమాటే తప్పు.

ఇవన్నీ విన్నాక నా స్నేహితురాలు రెండు రోజులు మాట్లాడలేదు. మూడోనాడు మా ఊరొచ్చి, నాయనమ్మ చెయ్యి పట్టుకుని, “మామ్మగారూ, ఇది చెరిపేసుకోవాలని ఎప్పుడైనా అనిపించిందా?” అని అడిగింది. “చెరిపితే మా అక్క నన్నెట్టా గుర్తుపడద్దే?” అంది ఆవిడ, జంతికలు డబ్బాలో సర్దుకుంటూనే.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో లెక్కల పుస్తకం మళ్ళీ తీసింది. వాళ్ళ నాన్నగారు సంతకం చేశాక దానికింద ఎడమనుంచి కుడికి ఒక గీత లాగేవారు. చివర కొంచెం పైకి ఎగిరే గీత. ప్రతి పేజీలోనూ ఉంది. పేరులేని ఆ ఒక్క గీతే, పుస్తకంలో ఉన్నదానికి రెట్టింపు పొడవున, ముంజేయి లోపలి వైపు వేయించుకుంటానంది. పూడుకుపోవడానికి అందులో అక్షరమేదీ లేదు. కాస్త లావెక్కినా గీత గీతే.

తేదీ మాత్రం పరీక్షలయ్యాకే. పచ్చబొట్టు పొడిపించుకున్నాక ఏడాదిపాటు రక్తం తీసుకోరట. అందుకని ఫిబ్రవరిలో ఎన్.ఎస్.ఎస్. శిబిరంలో రక్తం ఇచ్చేసి, ఆ తర్వాతే సూది దగ్గరికి పోతానంది.