హోసూరు నుంచి కృష్ణగిరికి: పైలట్ కళ్లతో

తెలుగు, కన్నడం, తమిళం కలిసి వినిపించే మా హోసూరు అనగానే గులాబీ తోటలు, మోటారు కార్ఖానాలు గుర్తుకొస్తాయి. తళి రోడ్డులో బెళగొండపల్లి దగ్గర విమానాల రన్‌వే కూడా ఉందని బయటివాళ్లకు అంతగా తెలియదు. 1994లో ఏర్పడ్డ తనేజా ఏరోస్పేస్ సంస్థ ఇటలీవారి ఆరు సీట్ల, రెండు ఇంజన్ల పార్టెనావియా విమానాన్ని ఇక్కడే తయారుచేసింది. బెంగుళూరు నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ రూపొందించిన రెండు సీట్ల ‘హంస’ కూడా ఇక్కడ తయారైంది. దానికి ఇంజన్ ఒక్కటే.

ఇక్కడి ఆకాశం చూస్తూ పెరిగిన మా అన్న కూతురు పైలట్ శిక్షణకు వెళతానంది. “పైన ఇంజన్ నిలిచిపోతే బిడ్డ గతేమప్పా?” అని వదిన నన్ను పట్టుకుంది. బంధువుల పెళ్లికని అందరం బస్సులో కృష్ణగిరికి పోతుండగా జవాబు ఆ అమ్మాయే చెప్పింది.

ఇంజన్ ఆగితే విమానం రాయిలా పడిపోదు. ముక్కు కాస్త దించి వేగం నిలుపుకుంటే గాలిలో జారుతూ దిగుతుంది. గాలి లేని రోజున చిన్న విమానం 1000 మీటర్ల ఎత్తు నుంచి దాదాపు 9 కిలోమీటర్లు పోగలదు. అంటే నాలుగైదు నిమిషాల వ్యవధి. ఆలోగా దిగే చోటు చూసుకోవాలి, ఇంజన్ మళ్లీ నడుస్తుందేమో ప్రయత్నించాలి, రేడియోలో కబురు చెప్పాలి.

హోసూరు దాటగానే కోతలైన రాగి చేలు కనిపించాయి. “ఇక్కడ దించొచ్చు చిన్నాయనా, కరెంటు తీగలు లేకుంటే చాలు” అంది. శూళగిరి దగ్గర గుండ్రాళ్ల గుట్టలు రాగానే మాట ఆపేసింది. హోసూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంటే, కృష్ణగిరి సుమారు 500 మీటర్లే. అదే ఎత్తున ఎగిరేవారికి కృష్ణగిరి మీద మరో మూడు, నాలుగు కిలోమీటర్లు జారే వీలుంటుంది. కానీ కింద మామిడి తోటలు! హైవే చదునే గానీ, దాని నిండా లారీలు.

“అన్నిటికన్నా ప్రమాదం ఎప్పుడే?” అని వదిన అడిగింది.

“రన్‌వే వదిలిన కొద్ది క్షణాలకే ఆగితే. వెనక్కి తిరగాలనిపిస్తుందమ్మా, తిరగకూడదు. ఎత్తు చాలదు. తిరిగేటప్పుడు వేగం తగ్గితే కూలిపోతుంది. ఎదురుగా ఉన్న చోటే దించాలి.”

రెండు ఇంజన్లున్నా నిశ్చింత లేదట. ఒకటి ఆగితే ముక్కు ఆ పక్కకే తిరుగుతుంది. రెండో పక్క పెడల్‌ను వెంటనే కాలితో తొక్కి సరిచేయాలి.

పెట్రోలు అయిపోవడం, అందులో నీళ్లు చేరడం కూడా ఇంజన్ ఆగడానికి కారణాలే. అందుకే ఎగిరేముందు ట్యాంకు అడుగు నుంచి కొంచెం పెట్రోలు చిన్న గొట్టంలోకి తీసి చూస్తారు. నీళ్లు బరువు కనుక అడుగున తేలిగ్గా కనిపిస్తాయి.

వదిన భయం పూర్తిగా పోలేదు. అయినా కృష్ణగిరి బస్టాండులో దిగేముందు, “సరే, వెళ్లు. ఆ పెట్రోలు మాత్రం నువ్వే చూసుకో” అంది.

మీరూ ఈ దారిన వెళ్లేటప్పుడు కిటికీ పక్కన కూర్చోండి. నేల ఎక్కడ చదునుగా ఉందో వెతుకుతూ పోతే, రోజూ చూసే ఊళ్లే కొత్తగా కనిపిస్తాయి.