మంత్రపు కుందేలు

పేకాటలో అసలు వినోదం ముక్కల్లో లేదు, ముక్కలు పట్టుకున్నవాడి మొహంలో ఉంది. నమ్మకపోతే ఏ హాస్టలు గదికైనా వెళ్ళి చూడండి. ఆడేవాళ్ళు నలుగురైతే, వెనక నించుని చూసేవాళ్ళు ఎనిమిదిమంది. ఆ ఎనిమిదిమందిలో సగం మందికి ఆట రాదు. అయినా కదలరు!

ఈ రహస్యం అమెరికాలో టెలివిజను హాస్య ధారావాహికలు రాసేవాళ్ళకి బాగా తెలుసు. వాటిని వాళ్ళు సిట్‌కామ్‌లంటారు. వారానికో అరగంట, అవే పాత్రలు, అదే గది, అదే సోఫా. అందులో 2007 నుంచి 2019 దాకా నడిచిన 'ది బిగ్ బ్యాంగ్ థియరీ' మన విద్యార్థులకీ పరిచయమే. కాలిఫోర్నియాలో పాసడీనా ఊరు, కాల్‌టెక్‌లో పనిచేసే నలుగురు మిత్రులు, వాళ్ళ కామిక్ పుస్తకాల పిచ్చి. ఆ నలుగురిలో షెల్డన్ కూపర్ సిద్ధాంత భౌతిక శాస్త్రజ్ఞుడు. విశ్వరహస్యాలన్నీ కొట్టిన పిండే గానీ, ఎదుటిమనిషి మనసులో ఏముందో మాత్రం ఆయనకి అంతుపట్టదు.

వీళ్ళు ఆడే ఒక ఆట పేరు 'మిస్టిక్ వార్లార్డ్స్ ఆఫ్ కా'. అంగడిలో దొరికే ఆట కాదు, ఆ ధారావాహిక రచయితలే కల్పించారు. మంత్రగాళ్ళూ, యుద్ధవీరులూ, మధ్యలో మంత్రపు కుందేలు అనే ఒక ముక్కా. డాక్టరేట్లు సంపాదించిన పెద్దమనుషులు ముఖాలు గంభీరంగా పెట్టి కుందేలు ముక్క వేస్తుంటే మనకి నవ్వు ఆగదు. ఆట రూల్సు మనకి ఒక్కటీ తెలియవు. రచయితలు చెప్పరు కూడా. చెబితే హాస్యం చచ్చిపోతుందని వాళ్ళకి తెలుసు.

అయితే ఇది గాలిలోంచి ఊడిపడ్డ వెటకారం కాదు. దీని వెనక నిజమైన ఆటలున్నాయి. 1993లో రిచర్డ్ గార్ఫీల్డ్ అనే గణిత శాస్త్రజ్ఞుడు 'మ్యాజిక్: ది గ్యాదరింగ్' అనే ఆట తయారు చేశాడు. అందులో ఎవరి పేక వాళ్ళు ముందే కూర్చుకుని తెచ్చుకోవాలి, మామూలుగా కనీసం 60 ముక్కలు. ఒక్కొక్కరికీ 20 ప్రాణాలు. తమాషా ఏమిటంటే, ముక్క మీద రాసినమాట రూలు పుస్తకానికి అడ్డం వస్తే, ముక్క మాటే చెల్లుతుంది. అంటే ప్రతి ముక్కా ఒక చిన్న చట్ట సవరణ అన్నమాట. బయటినించి వినేవాడికి అది పిచ్చివాళ్ళ సంభాషణలాగా వినపడటంలో ఆశ్చర్యమేముంది?

లేని ఆటకి రూల్సు కల్పించి నవ్వించటం పాత విద్యే. 1968 జనవరిలో వచ్చిన 'స్టార్ ట్రెక్' కథ ఒకదానిలో కెప్టెన్ కిర్క్ తనని పట్టుకున్న ముఠావాళ్ళని ఏమార్చటానికి 'ఫిజ్‌బిన్' అనే ఆట అప్పటికప్పుడు అల్లుతాడు. అందరికీ ఆరు ముక్కలు, పంచేవాడి కుడిపక్కవాడికి మాత్రం ఏడు. మంగళవారమైతే ఇంకో లెక్క. రెండు జాకీలు పడితే సగం గెలిచినట్టు, మూడో జాకీ వచ్చిందా, మునిగినట్టే! కాపలావాళ్ళు బుర్ర గోక్కుంటూ వింటుంటారు. ఆ సందులో దెబ్బ పడుతుంది.

1999లో 'ఫ్రెండ్స్'లో ఇదే విద్య ఇంకో దారిన వచ్చింది. చాండ్లర్ గది ఖాళీ చేసి వెళ్ళిపోతున్నాడు. జోయి చేతిలో డబ్బు లేదు, ఊరికే ఇస్తే పుచ్చుకోడు. అందుకని చాండ్లర్ 'కప్స్' అనే ఆట పుట్టిస్తాడు. జోయికి ఏ ముక్క వచ్చినా గెలుపే. మనం పడీ పడీ నవ్వుతాం గానీ, కాస్త నిదానిస్తే అందులో ఉన్నది ఒక స్నేహితుడి సిగ్గు కాపాడటానికి ఇంకో స్నేహితుడు పడ్డ పాట్లు. చివరికి జోయి అదే ఆట రాస్‌తో ఆడి ఆ డబ్బంతా పోగొట్టుకుంటాడు, అది వేరే సంగతి!

"అదేం ఆటండీ, తలా తోకా లేదు" అనేవారికి నాదొక మనవి. మన రమ్మీ ఎరగనివాడికి ఒకసారి చెప్పి చూడండి. పదమూడు ముక్కలు. జోకరు లేని వరస ఒకటైనా పడాలి. అది లేకపోతే చేతిలో ఎంత మంచి సెట్లున్నా అన్నీ లెక్కలోకొస్తాయి. కానీ ఎంతొచ్చినా 80 దాటదు. ముక్క తియ్యకముందే డ్రాపు అంటే 20, తీశాక అంటే 40. రాజుకీ పదే, రాణికీ పదే, జాకీకీ పదే. వినేవాడు మనకేదో అయిందనుకుంటాడు! అసలు రమ్మీలో నైపుణ్యం ఉందా, అంతా అదృష్టమేనా అన్న ప్రశ్న మన ఆంధ్రప్రదేశ్ నుంచే సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసులో, పడ్డ ముక్కలు గుర్తుపెట్టుకోవాలి గనక ఇది ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆటేనని 1967లో న్యాయమూర్తులు తేల్చారు. పరాయివాడి ఆట పిచ్చి, మన ఆట నైపుణ్యం. లోకంలో ఎవడి లెక్క వాడిది.

ఇక మళ్ళీ షెల్డన్ దగ్గరికొద్దాం. 2009 అక్టోబరులో వచ్చిన కథ అది. కామిక్ పుస్తకాల కొట్లో పోటీ. షెల్డన్, రాజ్ ఒక జట్టు. ఎదురుగా విల్ వీటన్. 'స్టార్ ట్రెక్' తర్వాతి తరం ధారావాహికలో కుర్ర వెస్లీ వేషం వేసిన నిజమైన నటుడు, ఇక్కడ తన పేరుతోనే దుష్టపాత్ర వేశాడు. షెల్డన్‌కి ఇతనిమీద పాత కక్ష. 1995లో జాక్సన్ ఊళ్ళో అభిమానుల సభకి వీటన్ వస్తాడని పది గంటలు బస్సులో కూచుని వెళితే, ఆ మహానుభావుడు రాలేదు. వెస్లీ బొమ్మమీద సంతకం పెట్టించుకోవాలన్న ఆ పిల్లవాడి ఆశ అలాగే ఉండిపోయింది.

గెలుపు షెల్డన్ చేతిలోకొచ్చేసిన వేళ వీటన్ దిగులుగా మొహం పెట్టి, ఆనాడు రాకపోవటానికి కారణం తన అమ్మమ్మ చనిపోవటమే అంటాడు. షెల్డన్‌కి అమ్మమ్మంటే ప్రాణం. గెలిచే ముక్క చేతిలో ఉంచుకుని, కావాలని మరో ముక్క వేస్తాడు. వెంటనే వీటన్ ఆట ముగించి, అదంతా అబద్ధమని నవ్వేస్తాడు. షెల్డన్ కేకకి కొట్టు అదిరిపోతుంది.

మా హాస్టల్లో పదిమందిమి ఒక లాప్‌టాప్ ముందు చేరి ఇది చూశాం. గది గదంతా నవ్వులే. ఒక్కడు మాత్రం నవ్వలేదు. మా పై అంతస్తులో ఉండే ఫిజిక్సు కుర్రాడు. ఎవరితోనూ ఎక్కువ కలవడు, చదరంగం పుస్తకాలు ముందేసుకుని తనతో తానే ఆడుకుంటాడు. వాణ్ణి కొందరు షెల్డన్ అనే పిలుస్తారు కూడా.

"ఒరేయ్, నవ్వవేంరా?" అన్నాడెవడో.

"అమ్మమ్మ పేరు చెప్పి గెలవటం ఏ రూలు కిందకొస్తుంది?" అన్నాడు వాడు. అని ఊరుకోలేదు. "ఆయనకి మనుషులు అర్థంకారని మొదట్నుంచీ నవ్విస్తున్నారు గదా. అర్థం చేసుకున్న ఒక్కసారీ దెబ్బ తిన్నాడు."

గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నాకప్పుడు తెలిసొచ్చింది, ఈ కథల్లో ఇంత మెలికల ఆట ఎందుకు పెడతారో. ఆ మనుషులకి రూల్సు ఒక ఆసరా. బయట లోకంలో ఎవరెప్పుడు ఎందుకు నవ్వుతారో తెలియదు. బల్ల దగ్గర తెలుస్తుంది. అక్కడ కుందేలంటే కుందేలే. అలాంటివాడు ఆ ఆసరాని ఒక్క క్షణం తనంతట తాను వదిలేశాడు, అమ్మమ్మ కోసం. హాస్యం కుందేలులో లేదు, ఆ వదిలెయ్యటంలో ఉంది. అందుకే అది నవ్వించి, ఆ తర్వాత గుచ్చుకుంటుంది.

రచయితలకీ అది గుచ్చుకుని ఉండాలి. 2011లో వచ్చిన మరో కథలో వీటన్ తన సంతకం పెట్టిన వెస్లీ బొమ్మని షెల్డన్‌కి తెచ్చి ఇస్తాడు. పదహారేళ్ళనాటి బాకీ తీరింది, ఇద్దరూ స్నేహితులయ్యారు.

ప్రతి కాలేజీలోనూ ఇలాంటి కుర్రాడొకడు ఏదో మూల ఒంటరిగా ఆడుకుంటూ ఉంటాడు. ఈసారి కనపడితే పక్కన కూచుని ఆ ఆట ఏమిటో చెప్పమనండి. రూల్సు చాలా ఉంటాయి, మధ్యలో లేవకండి.