ఓడలో గది ఎక్కడ తీసుకోవాలి?

"డాక్టరుగారూ, ఓడలో పై అంతస్తు గది తీసుకోమంటారా, కింది అంతస్తు గది తీసుకోమంటారా?"

పోయిన నెల నా దగ్గరికి వచ్చిన ఒక పెద్దమనిషి ప్రశ్న ఇది. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారాయన. భార్యతో కలిసి విశాఖపట్నం నుంచి అండమాన్ వెళ్ళిరావాలని చాలాకాలంగా ఆశ. ఆవిడకి బస్సెక్కితే చాలు, వాంతులు. పైగా షుగరు. పదేళ్ళుగా మాత్రలు వాడుతున్నారు. "జన్మకొకసారి వెళ్తున్నాం గదా, డబ్బు ఎక్కువైనా ఫరవాలేదు. పైన, ముందువైపు గది తీసుకుంటే సముద్రం బాగా కనిపిస్తుందట" అన్నారాయన.

ఇది డాక్టరుని అడగవలసిన ప్రశ్నేనా అని మీకు అనిపించవచ్చు. ఒకప్పుడు నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

1991 ఆగస్టులో మా అమ్మని వెంటబెట్టుకుని నేను ఈ ప్రయాణమే చేశాను. మా అన్నయ్యకి అప్పుడు పోర్ట్ బ్లెయిర్‌లో ఉద్యోగం. 2024లో ఆ వూరికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు. విశాఖ నుంచి సుమారు 1,200 కిలోమీటర్లు. ఓడ మీద 56 గంటల ప్రయాణమన్నారు. అమ్మకి ఏ లోటూ రాకూడదని అందరికన్నా పైన, ముక్కువైపు వున్న ఖరీదయిన గది తీసుకున్నాను. డాల్ఫిన్స్ నోస్ కొండ దాటేదాకా ఓడ కదులుతున్నట్టే లేదు. అమ్మ కిటికీ దగ్గర కూర్చుని కొండకి దణ్ణం పెట్టుకుంది. దీపాలు పెట్టేవేళకి కెరటాలు మొదలయ్యాయి. ఇక రాత్రంతా వాంతులే. బల్లమీద పెట్టిన మంచినీళ్ళ గ్లాసు జారి కిందపడి పగిలింది.

తెల్లవారి అలవాటు ప్రకారం అమ్మ షుగరు మాత్ర వేసుకుంది. రెండు చెంచాల ఉప్మా తింది. అదీ బయటికి వచ్చేసింది. పదకొండు గంటలకి ఒళ్ళంతా చెమటలు, చేతుల్లో వణుకు. నన్ను మా అన్నయ్య పేరుతో పిలవటం మొదలుపెట్టింది. వాంతుల వల్ల వచ్చిన నీరసం అనుకున్నాను. డాక్టర్నయి వుండి అరగంటసేపు అలాగే అనుకున్నాను! ఓడలోని డాక్టరు రాగానే పసికట్టారు. కడుపులో తిండి నిలవలేదు గాని, మాత్ర తన పని తాను చేసుకుపోతోంది. రక్తంలో చక్కెర పడిపోయింది. నరానికి గ్లూకోజ్ ఎక్కించాక అమ్మ కళ్ళు తెరిచి, "ఏరా, భోజనం చేశావా?" అంది.

ఆ డాక్టరే ఇంకో పని కూడా చేశారు. ఓడ నడుము భాగంలో, రెండంతస్తుల కింద ఖాళీగా వున్న చిన్నగదిలోకి అమ్మని మార్పించారు. దాని అద్దె మా గదిలో సగం కూడా వుండదు. అక్కడ బల్లమీద పెట్టిన గ్లాసు రాత్రంతా పెట్టినచోటే వుంది. అమ్మ నిద్రపోయింది.

అదే సముద్రం, అదే ఓడ. మరి ఈ తేడా ఎందుకు వచ్చింది? పల్లెటూళ్ళలో పూర్వం నీళ్ళు తోడే ఏతాన్ని చూసినవాళ్ళకి వెంటనే అర్థమవుతుంది. ఏతం దూలం రెండు కొసలూ అంత ఎత్తుకి లేచి పడుతుంటాయి. గుంజమీద ఆనిన చోట మాత్రం దూలం దాదాపు కదలదు. ఓడ కూడా అంతే. కెరటం ఎక్కి దిగుతున్నప్పుడు ముక్కు, తోక లేచిపడుతుంటే నడుము నిలకడగా వుంటుంది. ఇక పక్కలకి ఊగటం. గాలికి తాటిచెట్టు తల ఊగినంతగా మొదలు ఊగదు కదా! అందువల్ల కడుపులో తిప్పే మనిషికి ఓడ నడుములో, నీటిమట్టానికి దగ్గరగా వున్న గది మంచిది. ముందువైపు, అందులోనూ అన్నిటికన్నా పైన వున్న గది అన్నిటికన్నా చెడ్డది. ధర చూస్తే చాలా ఓడల్లో తలకిందులుగా వుంటుంది. డబ్బు కళ్ళకోసం తీసుకుంటారు, కడుపుకోసం కాదు!

ఆధునిక విహార నౌకల్లో ఊపుని తగ్గించటానికి నీళ్ళలో రెండుపక్కలా రెక్కలుంటాయి. అవి పక్క ఊపుని బాగా తగ్గిస్తాయి గాని, ముక్కు లేచిపడటాన్ని అంతగా ఆపలేవు. 2022 జూన్‌లో విశాఖ నుంచి విహార నౌక బయల్దేరినప్పుడు బాల్కనీ గదుల గురించి నన్ను చాలామంది అడిగారు. కెరటాల భయం లేనివాళ్ళకి బాల్కనీ గది చక్కగా వుంటుంది. బస్సులో వాంతులయ్యేవాళ్ళు మాత్రం ఆ డబ్బు మిగుల్చుకోవచ్చు.

అసలు ఈ వాంతులు కడుపులో పుట్టేవి కావు. చెవిలో పుడతాయి. లోపలి చెవిలో మూడు అర్ధచంద్రాకారపు గొట్టాలు, వాటిలో కాస్త ద్రవం వుంటాయి. మన తల కదిలితే ఆ కబురు మెదడుకి చేరవేసేవి అవే. గదిలో కూర్చుంటే నాలుగు గోడలూ కదలటం లేదని కళ్ళు చెబుతాయి, కదులుతున్నామని చెవులు చెబుతాయి. ఈ పేచీ తీర్చలేక మెదడు తికమకపడుతుంది. అందుకే తల తిరిగినప్పుడు పుస్తకం, సెల్‌ఫోను పక్కన పెట్టి, ఓడ మధ్యభాగంలో బయటికి వచ్చి, దూరంగా సముద్రం ఆకాశం కలిసేచోటుని చూడాలి. బయటికి రాలేనివాళ్ళు కళ్ళు మూసుకుని వెల్లకిలా పడుకోవాలి. కిటికీ లేని గది అని దిగులుపడనక్కరలేదు. కళ్ళు మూసుకున్నాక కిటికీ వుంటేనేం, లేకుంటేనేం? ఈ జబ్బు పిరికితనం కూడా కాదు. ఇంగ్లండుకి మహా నౌకాసేనాని అయిన నెల్సన్‌కి జీవితాంతం సముద్రం పడలేదు. బీగిల్ ఓడలో 1831 నుంచి 1836 దాకా ప్రపంచమంతా తిరిగిన డార్విన్ కూడా ఆ బాధ అనుభవించినవాడే.

నడుమే కావాలన్నాను గదా అని కళ్ళు మూసుకుని టికెట్టు కొనకండి. ఓడ పటం అడిగి తీసుకుని చూడండి. పైనా పక్కనా వంటగది వుంటే వాసన, అడుగున వెనకవైపు ఇంజను వుంటే మోత, అదురు, డీజిలు కంపు. "ఏ గదయినా ఫరవాలేదు" అని చవక టికెట్టు కొంటే ఎక్కడ పడేస్తారో వాళ్ళ ఇష్టం. మోకాళ్ళ నెప్పులవాళ్ళకీ, గుండెజబ్బు వున్నవాళ్ళకీ మెట్లే పెద్ద సమస్య. లిఫ్టు వుంటే దాని దగ్గర గది, లేకపోతే భోజనశాలకి ఒక్క అంతస్తు మాత్రమే తేడాగా వున్న గది చూసుకోవాలి. ముసలివాళ్ళకి పై బెర్తు ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. ఓడ తలుపులకి మన పాత ఇళ్ళ గడపలకన్నా ఎత్తయిన గడపలుంటాయి. రాత్రి బాత్‌రూముకి లేచినవాళ్ళు తన్నుకుని పడతారు. చిన్న దీపం ఒకటి వెలుగుతూ వుండనివ్వండి.

వాంతులు రాకుండా మెక్లిజిన్, సినారిజిన్, ప్రొమెథజిన్ జాతి మాత్రలున్నాయి. ఓడ బయల్దేరటానికి గంట ముందే వేసుకోవాలి. వాంతి మొదలయ్యాక మాత్ర కడుపులో నిలవదు. ఇవి నిద్రమత్తు కలిగిస్తాయి. కంట్లో ఒత్తిడి వున్నవాళ్ళూ, ప్రొస్టేట్ వాపు వున్న మగవాళ్ళూ, గర్భిణులూ డాక్టరుని అడగకుండా వాడకూడదు. రెండేళ్ళలోపు పిల్లలకి ప్రొమెథజిన్ ఇవ్వకూడదు. అదృష్టవశాత్తూ ఆ వయసువాళ్ళకి ఈ బాధ చాలా అరుదు.

షుగరు వున్నవాళ్ళు గది సంగతితోబాటు మందుల సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు వాడేవాళ్ళు అన్నం నిలవని పూట ఏం చెయ్యాలో మీ డాక్టరుచేత కాగితం మీద రాయించుకుని వెళ్ళండి. ఇన్సులిన్ వాడేవాళ్ళు సొంతంగా మానెయ్యకూడదు. మోతాదు మార్పు కూడా ముందే అడిగి తెలుసుకోవాలి. రక్తం చూసుకునే మిషను, గ్లూకోజ్ పొడి, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు పెట్టెలో అడుగున కాదు, చేతిసంచిలో వుండాలి. చెమట, వణుకు, మాట తడబాటు కనిపిస్తే అది సముద్రం వల్లనా, షుగరు వల్లనా అని నాలాగా ఆలోచిస్తూ కూర్చోకండి. మనిషికి స్పృహ వుంటే ముందు చక్కెర నీళ్ళు పట్టి, తర్వాత రక్తం చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకుండా ఓడ డాక్టరుని పిలవండి.

ఆ దంపతులకి ఇంకొక మాట కూడా చెప్పాను. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాల గాలి. అక్టోబరు, నవంబరు, డిసెంబరు తుఫానుల రోజులు. బంగాళాఖాతం కాస్త నెమ్మదిగా వుండేది జనవరి నుంచి మార్చి దాకా. ఆవిడ వెంటనే ఫిబ్రవరి అన్నారు. ఆయన మాత్రం కాసేపు గొణిగి, "పోనీ, కిందే నడుములో తీసుకుంటాం. సాయంత్రాలు నేనొక్కణ్ణీ పైకెళ్ళి సముద్రం చూసి వస్తాను" అన్నారు.

"ఒక్కరూ ఎందుకు? నన్నూ పిలవండి. గదిలో నిద్రపట్టిందంటే పైకి వచ్చే ఓపిక నాకూ వుంటుంది" అన్నారావిడ.