ఎవలూ పిల్వని వాయిద్యం



బాబాసాహెబ్ పెద్ద వయసులో వయోలిన్ నేర్చుకున్నారు. మన సభల్లో ఈ మాట ఎందుకో తక్కువ వినపడుతుంది. ఆయన డిగ్రీలు చెప్తాం, మహద్ చెరువు చెప్తాం, రాజ్యాంగం చెప్తాం. గడ్డం కింద వయోలిన్ ఆనించుకుని, తప్పు పలికిన స్వరాన్ని మళ్లీ మళ్లీ సరిచేసుకుంటున్న బాబాసాహెబ్‌ను నేను ఏ ఫ్లెక్సీ మీదా చూడలేదు. నాకు మాత్రం మనసులో ఆ బొమ్మ గీసుకోవడం మహా ఇష్టం. ఒక జాతి బరువంతా నెత్తిమీద ఉన్న మనిషి కూడా రోజులో కొంత పొద్దు తీసి దానికోసం పక్కన పెట్టుకున్నారు.

ఈ వారం జాషువా గురించి రాస్తానని చెప్పి ఉన్నాను. ఆయన్ని ఒక వారం ఆపి మౌత్ ఆర్గాన్ గురించి రాస్తున్నా. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి.

నేనుండేది పెద్ద అంబర్‌పేట్. విజయవాడ హైవేకి ఔటర్ రింగు రోడ్డు అడ్డం తగిలే చోటు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ బాటసింగారానికి పోయినప్పటి నుంచి మామిడి సీజనొస్తే మా వైపు లారీల సంగతి అడగొద్దు. రాత్రి పదకొండింటికి కూడా హారన్లే. ఆ మోతలో సంగీతం నేర్చుకుంటానని ఎవరైనా జోస్యం చెప్పి ఉంటే నేనే నమ్మకపోదును.

ఒక ఆదివారం దిల్‌సుఖ్‌నగర్‌లో పిల్లలకు కావాల్సిన గ్రూప్స్ పుస్తకాలు కొని మెట్రో స్టేషన్ వైపు నడుస్తుంటే ఒక చిన్న దుకాణం అద్దాల బీరువాలో కనపడింది. మౌత్ ఆర్గాన్ అంటే నాకు తెలిసింది జాతరలో అమ్మే ప్లాస్టిక్ పీక. ఇది జానెడు పొడవుంది. పైన ఒక వరుస, కింద ఒక వరుస, తేనెతుట్టె మాదిరి గదులు. లోపలికిపోయి అడిగితే దుకాణం ఆయన చేతికిచ్చి, వెంటనే "నోట పెట్టి చూడొద్దు మేడం" అన్నాడు.

ఆ మాట కొంచెంసేపు చెవిలో ఉండిపోయింది. ఎందుకో మళ్లీ చెప్తా. ఆయన మటుకు మామూలుగా ఒక చిన్న తిత్తి తీసి, దాని మూతిని రంధ్రాలకు ఆనించి, గాలి కొట్టి ఒక్కో స్వరం వినిపించాడు. కొలిమి తిత్తులు కుట్టిన తాతల మనవరాలిని, తిత్తితో పాట పలికించడం మాత్రం అప్పుడే చూశాను. ఆరువందల చిల్లర. కొనుక్కుని ఇంటికొచ్చా.

దీన్ని ట్రెమొలో హార్మోనికా అంటారు. మామూలు హార్మోనికాలో ఒక స్వరానికి ఒకటే రీడు, అంటే గాలికి కొట్టుకునే సన్నటి ఇత్తడి నాలుక. ఇందులో ఒక్కో స్వరానికి పైనొకటి, కిందొకటి రెండు నాలుకలు. ఇరవై నాలుగు జతలు, 48 నాలుకలు. చిత్రమేమిటంటే ఆ రెండింటినీ కావాలనే ఒక్క శ్రుతిలో పెట్టరు. ఒకటి సెకనుకు 440 సార్లు కొట్టుకుంటే రెండోది 443 సార్లు కొట్టుకుంటుందనుకోండి. రెండూ కలిసి మోగినప్పుడు సెకనుకు మూడుసార్లు శబ్దం లేచి పడుతుంది. ఇంటర్ ఫిజిక్సులో విస్పందనాలని చదివే ఉంటారు, పరీక్ష రాసి మర్చిపోయి ఉంటారు. ఆ వణుకే దీని గొంతు. దుఃఖం దిగమింగుకుని మాట్లాడే మనిషి గొంతులో ఉండే జీర లాంటిది. రెండు నాలుకలు అచ్చంగా ఒకే తీరు మోగితే ఆ జీర రాదు. మన సంఘాల్లో ఏకాభిప్రాయం కోసం కొట్టుకు చచ్చేటప్పుడు నాకీ విషయం గుర్తొస్తుంటుంది, అది వేరే కథ.

ఇంకో సంగతి ఉంది. పిల్లనగ్రోవికి, సన్నాయికి బయటికి వదిలే ఊపిరే పాట. దీనికి పీల్చేది కూడా పాటే. ఊదితే స, గ, ప. పీలిస్తే రి, మ, ద, ని. స్వరాల వరుస స నుంచి ద దాకా బుద్ధిగా నడుస్తుంది, ఒకటి ఊదుడు ఒకటి పీల్చుడు. అక్కడికి రాగానే మెలిక. ద పక్కన ని ఉండదు, పై షడ్జం ఉంటుంది. ని దాని అవతల గదిలో ఉంటుంది. ద నుంచి స మీదుగా గెంతి ని పట్టుకుని, వెనక్కి తిరిగి స మీదికి రావాలి, అదీ వరుసగా రెండు స్వరాలు పీల్చి. మొదటి పదిహేను రోజులు నా పెదాలు ఆ ఒక్క గెంతు దగ్గరే చిట్లాయి. పీహెచ్‌డీ సినాప్సిస్‌కి కూడా అంత తిప్పలు పడలేదు.

సి స్కేలు వాయిద్యం కొంటే దాని ఏడు స్వరాలు మన శంకరాభరణం. చేతకాదు అనుకున్న పెట్టెలో ఎన్ని ఉన్నాయో చూడండి: అవే గదుల మీద రిషభాన్ని షడ్జం అనుకుని మొదలుపెడితే ఖరహరప్రియ, మధ్యమం నుంచి మొదలుపెడితే కల్యాణి, పంచమం నుంచి హరికాంభోజి, ధైవతం నుంచి నటభైరవి. మ, ని వదిలేసి మిగతా ఐదు పట్టుకుంటే మోహన. నాట్లేసేటప్పుడు మా అమ్మ పాడిన పాటల్లో కొన్ని ఆ ఐదింట్లోనే ఒదిగిపోయాయి. అవి మోహన అని మా అమ్మకు తెలీదు, తెలియాల్సిన పనీ లేదు. గమకం మాత్రం దీనికి రాదు. ఒక్కో గదిలో స్వరం గడ్డ కట్టినట్టు ఉంటుంది, సాగదు. సంగీతం తెలిసినవాళ్లు దీన్ని బొమ్మ అనడానికి అదొక కారణం.

ఆ మాట కొత్తదేం కాదు. దీని దగ్గరి చుట్టం హార్మోనియం, అందులోనూ ఇవే ఇత్తడి నాలుకలు. గమకం పలకదని, పరాయిదని ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని నిషేధించింది. స్వాతంత్ర్యం వచ్చింది, రాజ్యాంగం వచ్చింది, నిషేధం మటుకు 1971 దాకా సడలలేదు. ఆ ముప్పై ఏళ్లూ మన ఊళ్లల్లో హార్మోనియం లేనిదే పద్య నాటకం లేదు, భజన లేదు, చిందోళ్ల యక్షగానం లేదు. రేడియోకి పనికిరాని పెట్టె మన రచ్చబండ మీద రాత్రంతా మోగింది. సంగీతం ఏదో, చప్పుడు ఏదో ఎవరు తేల్చారన్నది మన సాహిత్య విద్యార్థులు సిలబస్ గురించి అడిగే ప్రశ్నే.

"ఇది మన వాయిద్యమేనా?" అని ఒక ఉద్యమ మిత్రుడు అడిగాడు. గాలికి కొట్టుకునే నాలుకల కిటుకు చైనా షెంగ్‌లో, లావోస్ ఖేన్‌లో యూరపు కంటే ఎంతో ముందు నుంచీ ఉంది. మన ఈశాన్యంలో మిజోలు ఎండిన సొరకాయకు వెదురు గొట్టాలు గుచ్చి రాచెమ్ అని వాయిస్తారు. 1857లో జర్మనీలోని ట్రోసింగెన్‌లో మథియాస్ హోనర్ అనే గడియారాల పనివాడు హార్మోనికాల తయారీ మొదలుపెట్టాడు. తర్వాత తర్వాత జపాన్, చైనాల్లో ట్రెమొలో ఇంటింటి వాయిద్యమైంది. మన దగ్గరికి సినిమా తెచ్చింది. 1964 'దోస్తీ'లో లక్ష్మీకాంత్-ప్యారేలాల్ కోసం ఆర్.డి. బర్మన్ మౌత్ ఆర్గాన్ వాయించాడు, అది రోడ్డు మీద పాడి బతికే ఇద్దరు పిల్లల కథ. 1975 'షోలే'లో వితంతువు రాధ వరండాలో దీపాలు ఆర్పుతుంటే ఎదురుగా కూర్చుని జై వాయించేది భాను గుప్తా ఊపిరి. మన వాయిద్యమా అంటే ఇన్ని చేతులు మారిన దానికి ఒక కులం పేరు పెట్టడం నాకు చాతకాలేదు. అదే నాకు నచ్చింది కూడా. దీన్ని ముట్టుకుంటే మైలపడేది ఏదీ లేదు, ముందుగా ఎవరి శిష్యురాలివని అడిగేవాడు లేడు, బొటనవేలు అడిగే గురువు అసలే లేడు.

ఆ మిత్రుడు అక్కడితో ఆగలేదు. "డప్పు కొట్టాల్సిన చేతుల్లో ఇదేంది?" అన్నాడు. కోపం రాలేదు. ఆయన ప్రేమతోనే అన్నాడు. కానీ మా ఇంట్లో డప్పు సంగతి ఆయనకు తెలిసింది సభల వైపు నుంచే.

మాది సూర్యాపేట దిక్కు ఊరు. నాయిన డప్పు కొట్టేవాడు. సిర్ర, సిటికెన పుల్ల దూలానికి వేలాడుతుండేవి, ఆడపిల్లలం ముట్టుకునేవాళ్లం కాదు. సావుకు పిలుపు రాత్రి రెండింటికొచ్చినా లేచి పోవాల్సిందే, జరమున్నా పోవాల్సిందే. గడ్డిమంట మీద డప్పు కాక పెట్టి, శవం ముందర కాటి దాకా. తిరిగొచ్చి ఆ చేతులతోనే మాకు జడలేసేవాడు. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు మా వాడ పిల్లలు ఇక సావులకు కొట్టమని తెగేసి చెప్పారు. ఆ ఏడంతా మా వాడ వాళ్లను కూలికి పిల్వలేదు. 1994లో ఈదుమూడిలో దండోరా మొదలైనాక డప్పు మన జెండా అయింది, నేనూ ఊరేగింపుల్లో దాని ముందు ఎగిరిన దాన్నే. చాకిరీ వాయిద్యాన్ని జెండా చేసుకోవడం చిన్న విషయం కాదు. అయితే జెండాకు కూడా ఒక పిలుపు ఉంటుంది. సభ ఉందంటే కొట్టాలి, ధర్నా ఉందంటే కొట్టాలి. నాయిన ఊరికే, పొద్దుగూకినాక తన కోసం తాను డప్పు కొట్టుకోవడం నేను ఒక్కనాడూ చూడలేదు.

కంటి ఆపరేషన్‌కని మొన్న వచ్చి వారం రోజులు నా దగ్గరే ఉన్నాడు. నేను మౌత్ ఆర్గాన్‌ను రెండు అరచేతుల్లో పెట్టుకుని కాసేపు వెచ్చబెడుతుంటే చూసి, "కాక పెడుతున్నవా?" అన్నాడు. నిజమే, చల్లగా ఉంటే ఊపిరి తడికి రీడ్లు అంటుకుని పలకవు. డప్పుకు మంట, దీనికి అరచెయ్యి. రెండు పాటలు వాయించాను. ఒకటి బాగానే వచ్చింది.

"దీనికి ఎవలు పిలుస్తరు బిడ్డా?"

"ఎవలూ పిల్వరు నాయినా."

"మరెందుకు?"

జవాబు చెప్పకుండా చేతికిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి మెల్లగా ఊదాడు, పీల్చాడు. పీలిస్తే కూడా మోగిందని మొహం విప్పారింది. పది నిమిషాలు ఏ పాటా కాని పాటేదో వాయించుకున్నాడు. ఒక కంటికి పట్టీ, నోట్లో 48 నాలుకలు. తర్వాత భుజం మీది తువ్వాల తీసి దాన్ని ఒకసారి తుడిచాడు, మళ్లీ తుడిచాడు. "ఎంగిలైంది బిడ్డా, కడుక్కో" అన్నాడు.

హోటల్ చూరులో వేరే గ్లాసు, పైనుంచి పోస్తే దోసిలి పట్టి తాగిన నీళ్లు. డెబ్బై ఏళ్ల మనిషికి తన నోటి మీద తనకున్న అనుమానం అది. దుకాణంలో "నోట పెట్టొద్దు" అన్న మాట నా చెవిలో ఎందుకు ఉండిపోయిందో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. ఆ దుకాణంలో అది అందరికీ ఒకటే నియమం, జలుబూ దగ్గూ అంటకుండా. జలుబుంటే నేనూ నాది ఎవరికీ ఇవ్వను. అది రోగం లెక్క. రోగం మందుకు పోతుంది. నాయిన తుడిచింది మందుకు పోనిదాన్ని. నేను తీసుకుని తుడవకుండా, కడక్కుండా వాయించాను. ఆయన తల తిప్పుకుని హైవే వైపు చూస్తూ కూర్చున్నాడు. మర్నాడు పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి బాల్కనీలోంచి మోత వినపడింది. అడక్కుండానే తీసుకున్నాడు.

"మరెందుకు?" అన్న ప్రశ్నకు మాత్రం నా దగ్గర ఇప్పటికీ గట్టి జవాబు లేదు. బాగుంటుంది కాబట్టి. అంతే. 1995లో వచ్చిన మన కవిత్వ సంకలనానికి 'చిక్కనవుతున్న పాట' అని పేరు పెట్టుకున్నారు. దాన్ని పాఠం చెప్పినప్పుడల్లా అందులోని కోపాన్ని విప్పి చెప్తాను. కోపం లేనప్పుడు మనం ఏం పాడుకుంటామో కూడా ఎవరైనా రాస్తే చదవాలని ఉంది.

ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఆరుగురు పడుకునే గదుల్లో ఉండి చదువుకుంటున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, కొనాలనుకుంటే సి స్కేలుది, ఇరవై నాలుగు గదులది తీసుకోండి. లావు స్వరాలు ఎడమ చేతి వైపు ఉండాలి. గట్టిగా ఊదకండి, మాట్లాడేటప్పుడు వచ్చేంత ఊపిరి చాలు, లేకపోతే రీడు శ్రుతి పోతుంది. తిన్న వెంటనే పట్టుకోవద్దు, పుక్కిలించి పట్టుకోండి. వాయించడం అయినాక గదులు కిందికి ఉండేలా తిప్పి అరచేతిలో నాలుగుసార్లు కొట్టి తడి దులపండి, నీళ్లలో ముంచొద్దు. గదిలో మిగతావాళ్లు చదువుకుంటుంటే డాబా మీదికి పోండి. వచ్చే వారం జాషువా.