వలయమార్గమున నేర్చిన పాఠము

నాందేడు తెలుగు కుటుంబములకు హైదరాబాదు పరాయి ఊరు కాదు. 1956 వరకు మన జిల్లాయు ఆ నగరమును హైదరాబాదు రాష్ట్రమునందే యుండెను. సరిహద్దులు మారినను చుట్టరికములు మారలేదు. అయినను గడచిన వేసవిలో ఆ నగరపు ముంగిట మేము దారి తప్పితిమి.

ఘట్‌కేసరులోనున్న మా అక్కగారికి శస్త్రచికిత్స నిశ్చయమయ్యెను. "పొద్దుగూకకముందే రా తమ్మీ, దవాఖానకు పోయేలోపల నిన్ను చూడాలె" అని ఆమె కబురంపెను. మా కుమారుడు కారు నడుపగా, మనుమని వెంటబెట్టుకొని, దెగ్లూరు, సంగారెడ్డిల మీదుగా పటాన్‌చెరువు చేరి ఔటర్ రింగురోడ్డు ఎక్కితిమి.

ఈ మార్గము నగరమును చుట్టి 158 కిలోమీటర్ల పొడవున ఎనిమిది వరుసలుగా నున్నది. కూడళ్లు లేవు, వెనుకకు తిరుగుటకు వీలు లేదు. ద్విచక్ర, త్రిచక్ర వాహనములకు ప్రవేశము లేదు. 2023లో వేగపరిమితిని గంటకు 120 కిలోమీటర్లకు పెంచిరి. అట్టిచోట బండి ఆపి, "అన్నా, ఘట్‌కేసరు ఎటు?" అని అడుగుటకు మనిషి కానరాడు.

టోలుగేటు దాటగానే దారి రెండుగా చీలెను. ఒకవైపు మేడ్చలు, మరియొకవైపు శంషాబాదు. బాల్యమున మేము మీటరుగేజి బండిలో సికిందరాబాదునకు పోవునపుడు, మేడ్చలు స్టేషను రాగానే మా అమ్మ మూటలు సర్దుకొనెడిది. కనుక ఘట్‌కేసరునకు మేడ్చలు వైపే దగ్గరయని మాకు తెలియును. కాని, మెట్రిక్కు చదివి గుమాస్తాగిరి చేసినవారము, ఫోను చూచి నడుపువానికి మేమేమి చెప్పగలమని ఊరకుంటిమి. కుమారుడు విమానాశ్రయమువలన తనకు తెలిసిన శంషాబాదు వైపు త్రిప్పెను.

కొంతసేపటికి మనుమడు, "తాతా, మనం దిగేది తొమ్మిది గదా! మూడు తర్వాత రెండు వచ్చిందేంది?" అనెను. బాలుడు కనిపెట్టినది నిజము. ఈ మార్గమునుండి దిగు ద్వారములకు వరుస సంఖ్యలున్నవి: కోకాపేట 1, పటాన్‌చెరువు 3, మేడ్చలు 6, ఘట్‌కేసరు 9, శంషాబాదు 16. గడియారపు ముల్లు తిరుగువైపు పోయిన సంఖ్య పెరుగును. ఎదురుగా పోయిన తగ్గును. వలయము గనుక అటునుండియు చేరవచ్చును గాని దూరము చాల హెచ్చు. రెండవ ద్వారమున దిగి, ఆవలివైపు మరల ఎక్కితిమి.

మేము చేరునప్పటికి అక్కగారి యింట దీపములు పెట్టిరి. ఆమెను ఆసుపత్రికి తీసికొనిపోయి అరగంట యైనదట. మేము దారిలో పోగొట్టుకొన్నదియు అంతయే. ఆ రాత్రి లోనికి పోనీయలేదు. ఉదయము ఆమెను బల్లబండిపై తీసికొనిపోవుచుండగా క్షణకాలము చేయి పట్టుకొనగలిగితిమి. దైవానుగ్రహమున ఆమె కోలుకొన్నది. కాని ఆ సాయంకాలము ఏమి చెప్పదలచినదో మేము మరల అడుగలేదు, ఆమెయు చెప్పలేదు.

మనవారికి మా మనవి యిది. ఆ మార్గమెక్కుటకు ముందే దిగవలసిన ద్వారపు పేరును, సంఖ్యను కాగితముపై వ్రాసికొనుడు. మొదటి ద్వారము రాగానే సంఖ్య పెరుగుచున్నదో తగ్గుచున్నదో చూచుకొనుడు. ఇంటి పెద్దలు తమకు తెలిసిన ఊరి పేరు కనబడినప్పుడు మొగమాటపడక చెప్పవలెను.

తిరుగు ప్రయాణమున మా కుమారుడు తానే ముందు తలుపు తెరచి, "నాన్నా, మీరిక్కడ కూర్చోండి" అనెను.